రాజుకోని నెగడు

నా భార్య పైడితల్లిని చంపింది చలిబూజు. దాన్ని తయారుచేసింది డాక్టర్ హైమవతి. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. విచారణకు వచ్చినవాళ్ళు వాన కారణమని రాసుకుపోయారు. వాన పైడితల్లికి కొత్త కాదు. యాభై రెండేళ్ళు ఆ కొండల్లోనే తడిసింది, వణికింది, నెగడు వేసుకుని ఒళ్ళు కాచుకుంది, ఇంటికి వచ్చింది. ఆ రోజు నెగడు రాజుకోలేదు. తేడా అంతే.

నేను మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివాను. దస్తూరి బాగుంటుందని మాస్టారు మెచ్చుకునేవారు. ఆ దస్తూరితోనే ఇది రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను.

పైడితల్లి తండ్రి సోములు బొగ్గుబట్టీలు కాల్చేవాడు. గుర్రాలకొండ పాదంలో, సారిగెడ్డ ఒడ్డున వాళ్ళ పాక. మా ఊరి కమ్మరి కోసం బండిమీద బొగ్గులు తేవడానికి మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. దారంతా వాన. అగ్గిపెట్టె నానిపోయింది. చుట్ట నోట్లో పెట్టుకుని, ఒక్కొక్క పుల్లా గీసి పారేస్తూ పాక చూరుకింద నిలబడ్డాను. లోపలినుంచి ఒక పిల్ల చూస్తోంది.

"అగ్గిపెట్టి నానితే సుట్ట మానేత్తావేటి? మగోడివేనా?" అంది.

నడుముకు కట్టుకున్న చిన్న తోలుసంచి విప్పింది. అందులో మూడే వస్తువులున్నాయి. అరిగిపోయిన ఉక్కుముక్క, గోధుమరంగు చెకుముకి రాయి, చెప్పు అట్టలా మెత్తగా ఉన్న ఏదో ముక్క. రాయి అంచున ఆ ముక్కను బొటనవేలితో నొక్కిపట్టి ఉక్కుతో రెండుసార్లు కొట్టింది. రవ్వ ఒకటి ముక్కమీద వాలింది. అది ఆరలేదు. ఎర్రచీమ తలంత మచ్చ, చూస్తుండగా పావలా అంత అయింది. దాన్ని తాటిపీచులో పొదిగి, దోసిట్లో పెట్టుకుని, ముఖానికి దగ్గరగా తెచ్చి ఊదింది. ఊదడం అంటే ఊదడం కాదు. నిద్రపోతున్నవాళ్ళ చెవిలో మాట చెప్పినట్టు. మంట లేచింది. ఆ మంట వెలుగులో ఆమె ముఖం చూశాను. చుట్ట అంటించుకోవడం మరిచిపోయాను.

ఆ బొగ్గులు కమ్మరికి వారం ఆలస్యంగా చేరాయి.

పెళ్ళయ్యాక నాకూ నేర్పింది. నాకు రావడానికి రెండేళ్ళు పట్టింది. నేను రవ్వ పడగానే గట్టిగా ఊదేవాణ్ణి. ఆరిపోయేది. "సుట్టాన్ని లోపలికి రమ్మని పిలిసినట్టు పిలవాల మావా. మెడట్టి లాగితే ఎవుడొత్తాడు?" అనేది. ఆ చెప్పు అట్టలాంటి ముక్కను వాళ్ళు చెట్టుచెవి అంటారు. చచ్చిన మద్దిచెట్ల మొదళ్ళలో చెవి ఆకారంలో మొలిచే గట్టి పుట్టగొడుగు. పైపెంకు చెక్కేసి, లోపలి పొరను బూడిదనీళ్ళలో ఉడికించి, రోకటితో దంచి, నీడన ఎండబెట్టాలి. రవ్వను పట్టుకునేది ఆ దంచిన ముక్క. ఉడికించని చెవులను ఎండబెట్టి గోనెలో దాచుకుంటే బొగ్గుల్లా గంటల తరబడి కాలతాయి, మంట లేకుండా, పొగ లేకుండా.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి బట్టీలోంచి ఒక నిప్పుకణిక తెచ్చింది. పిడకలో పొదిగి, బూడిదనిండిన కుండలో పెట్టి, బండిమీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మా పొయ్యిలో అదే నిప్పు. రాత్రి బూడిదకింద కప్పెట్టేది, తెల్లారి బూడిద తీసి పిడకముక్క ఆనించి లేపేది. ఇరవై ఏడేళ్ళు ఆ నిప్పు ఆరలేదు. పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళు చేతిలో పిడకతో వచ్చేవాళ్ళు, "పైడమ్మా, కాస్త నిప్పు" అని. ఆ పొద్దుటిపూట పిడకల పొగ వాసన, కాలిన జీడిపిక్కల వాసన, ఆమె చీరకొంగుకు ఎప్పుడూ ఉండే ఆ వాసన. ఇప్పుడు ఎక్కడా లేదు. ఇల్లంతా వెతికాను. పెట్టెలో ఆమె చీరలు ఉతికినవే ఉన్నాయి.

మాకు పిల్లలు లేరు. ఆ నిప్పు ఉంది.

వరసగా మూడు వేసవులు కొండలు తగలబడ్డాయి. మూడో ఏడు నాలుగూళ్ళ జీడితోటలు పోయాయి. అడవిశాఖలో పనిచేసే ఒక కుర్ర అధికారి మంట చుట్టుముట్టి కాలిపోయాడు. ఆ కుర్రాడు డాక్టర్ హైమవతికి సొంత తమ్ముడు. ఆ మరుసటి ఏడే ఆమె కొండకింద రేకుల షెడ్డులో పరిశోధన కేంద్రం పెట్టింది. ఏ కట్టెనైనా, ఎంత తడిదైనా అంటించగల మనిషి కావాలని, చూసింది చూసినట్టు రాయగలవాడై ఉండాలని కబురు పెట్టారు. నేను వెళ్ళాను. కాగితాల్లో నా ఉద్యోగం క్షేత్ర సహాయకుడు. అక్కడందరూ పిలిచేది అంటింపు నాయుడని.

పని ఇది. బూడిదరంగు బూజుపొడి ఒకటి కట్టెలకూ ఆకులకూ రాసి నలభై రోజులు తడిగదిలో ఉంచేవాళ్ళు. తరవాత నేను వాటిని అంటించాలి. ఎన్ని సెకన్లకు రాజుకుందో రిజిస్టరులో రాయాలి. మొదటి ఏడాది అన్నీ కాలాయి. ఏదీ నా చేతికి ఎదురు తిరగలేదు. ఇంటికి వచ్చి గొప్పలు చెప్పేవాణ్ణి. పైడితల్లి నవ్వేది.

రెండో ఏడు శ్రావణంలో ఒక టేకు ఆకు. వడియంలా ఎండిపోయిన ఆకు. పుల్ల గీసి అంచుకు పెట్టాను. అంచు నల్లబడింది. తరవాత ఆకుమీద చిన్నచిన్న నీటిచుక్కలు వచ్చాయి, మనిషికి చెమట పట్టినట్టు. పుల్ల ఆరిపోయింది. మళ్ళీ గీశాను. పదకొండు పుల్లలు అయ్యాయి. ఆకుకు చెమట పట్టింది కాని అది మండలేదు. హైమవతి నా వెనకాల నిలబడి చూస్తోంది. మెల్లగా నేలమీద కూర్చుండిపోయింది. కాసేపటికి నాకు అర్థమయింది, ఏడుస్తోందని.

"సోడా కాయ కొడితే గ్యాసు ఎలా తన్నుకొస్తుంది నాయుడుగారూ? ఈ బూజు తన పోగుల్లో ఒక ఉప్పు దాచుకుంటుంది. వేడి తగిలితే అలాగే నీరూ గాలీ వదిలేస్తుంది. మంటకి ఊపిరాడదు," అంది. కళ్ళు తుడుచుకుని, "మా వాడు ఇంకో మూడేళ్ళు ఆగుంటే బాగుండేది," అంది.

ఆ రోజు నేనూ సంతోషించాను. అది దాచను.

ఇంటికి వచ్చి పైడితల్లికి చెప్పాను. ఆమె పొయ్యిమీద చారు తిప్పుతూ విన్నది. "అడివి కాలకండా సేత్తే మంచిదే. మరి అడివిలో సిక్కడిపోయినోడు ఏటి కాల్సుకుంటాడు?" అని అడిగింది. అడవిలో ఈ కాలంలో ఎవరు చిక్కుకుంటారు, ఫోన్లున్నాయి కదా అన్నాను. ఆమె చారు దించి నాకు వడ్డించింది.

చలిబూజు అని పేరుపెట్టి దాన్ని కొండలమీద చల్లారు. ఆ వేసవిలో ఒక్క పొగ లేవలేదు. ఆ పై వేసవిలోనూ లేవలేదు. జీడి విరగకాసింది. నెమళ్ళు రోడ్డుమీదికి వచ్చాయి. ఊరూరా హైమవతిని పిలిచి దండలు వేశారు. అదంతా నిజం. నేను అబద్ధం రాయను.

బూజు మాత్రం కొండమీద ఉండమంటే ఉండలేదు. కట్టెలమోపులతో, బండిచక్రాలతో, పశువుల గిట్టలతో కిందికి దిగింది. రెండో చలికాలంలో మా ఊరికి వచ్చింది. ఒకరోజు తెల్లారి పైడితల్లి బూడిద తీసి, కణికకు పిడక ఆనించి ఊదింది. పిడకకు చెమట పట్టింది. ఇంకో పిడక పెట్టింది. అదీ అంతే. కణిక ఎరుపు తగ్గుతూ వచ్చింది. నేను లేచేసరికి పొయ్యి ముందు కూర్చుని ఉంది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. చివరికి ఆ చల్లారిన బొగ్గును చీరకొంగున కట్టుకుని లేచింది.

గ్యాసు పొయ్యిలు ఊరికే ఇచ్చారు. వీధిలో ఆడవాళ్ళు సంతోషించారు. కళ్ళు మండవు, గోడలు మసిబారవు. వాళ్ళ సంతోషంలో తప్పేమీ లేదు. పైడితల్లి ఒక్కతే ఆ నీలిమంటను చూసి, "దీనికి వాసనే నేదు మావా. ఇది అగ్గేటి?" అనేది.

నెల తరవాత ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచింది. కొబ్బరిచిప్పలో చెట్టుచెవి ముక్క ఎర్రగా కాలుతోంది. దాని చుట్టూ ఇంకో మూడు ఎండుచెవులు అంటుకుని బొగ్గుల్లా ఉన్నాయి. చిప్ప చుట్టూ చేతులు పెట్టి కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"అగ్గి సావనేదు," అంది. "కట్టి కాలదు, పిడక కాలదు. సెట్టుసెవి కాలతాది. బూజు దీన్నేటీ సెయ్యనేదు."

నాకు కారణం తెలుసు. చలిబూజు చచ్చిన కట్టెను తింటుంది. చెట్టుచెవి కట్టె కాదు. అదీ బూజులాంటిదే. ఒక బూజు ఇంకోదాని జోలికి పోదు.

ఇక నేను చేసింది రాయాలి.

పట్నంనుంచి పెద్ద అధికారులు షెడ్డు చూడటానికి వచ్చారు. హైమవతి వాళ్ళకు అన్నీ చూపించి, ఈ కొండల్లో మనిషి చేతికి అంటుకునేది ఇప్పుడు ఏదీ లేదని చెప్పింది. వాళ్ళలో ఒకడు నావైపు చూసి, ఏమయ్యా, నీ పని పోయిందన్నమాట అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు ఎక్కడో తగిలింది. ఒకటి ఉందండి, మా ఇంటావిడకు తెలుసు అన్నాను. మరునాడు పైడితల్లి స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె తోలుసంచిలోంచి చిన్న ముక్క కోసి తీసుకెళ్ళాను. అందరి ముందూ అంటించాను. ఎవరూ నవ్వలేదు. ఆ క్షణం నా భార్యను తలుచుకుని ఛాతీ పొంగింది. ఆమె తెలివిని నలుగురిలో నిలబెట్టానని అనుకున్నాను.

రిజిస్టరులో రాశాను. చెట్టుచెవి, గుర్రాలకొండ మద్దిచెట్టుది. రాజుకుంది. పదకొండు సెకన్లు. ఎవరిద్వారా అన్నచోట, నా భార్య అని రాశాను.

హైమవతి ఆ మిగిలిన ముక్కను గాజుపెట్టెలో పెట్టింది. చాలా మేలు చేశారు నాయుడుగారూ అంది. ఎనిమిది నెలలకు రెండో రకం బూజు వచ్చింది. అది చెట్టుచెవిలోకీ దిగుతుంది. ఉడికించినా పోదు. బూజు చస్తుంది, దాచిన ఉప్పు మిగిలిపోతుంది. అది తేల్చిందీ నేనే. ఇరవై ముక్కలు ఉడికించి, దంచి, ఎండబెట్టి చూశాను. ఒక్కటీ రవ్వ పట్టలేదు.

గుర్రాలకొండమీద మందుడబ్బా వీపున వేసుకుని దాన్ని చల్లిందీ నేనే. పైడితల్లి చెవులు కోసే మద్దిచెట్టు దగ్గరికి నేను చేరాక కాసేపు ఆగాను. తరవాత చల్లాను. ఉద్యోగం పోతుందని కాదు. చల్లకుండా వదిలేస్తే ఎందుకని హైమవతి అడుగుతుంది. చల్లానని చెబితే ఇంట్లో పైడితల్లి అడుగుతుంది. సంచిలోంచి దొంగిలించానని చెప్పాలి. ఎవరికీ చెప్పనక్కర్లేని దారి అదొక్కటే కనిపించింది.

వానాకాలం చివర పైడితల్లి ఆ చెట్టుదగ్గరికి వెళ్ళి చెవులు తెచ్చుకుంది. గ్యాసుపొయ్యిని తిట్టుకుంటూ దానిమీదే బూడిదనీళ్ళలో ఉడికించింది. రోకటితో దంచింది. పాట పాడుకుంటూ దంచింది. నేను వీధి అరుగుమీద కూర్చుని ఆ చప్పుడు విన్నాను.

బొగ్గుబట్టీలవాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఆ ఏడాది కొత్తగా చేసిన చెట్టుచెవిని ఇంట్లో పరీక్షించరు. మొదటి రవ్వ దాన్ని కోసిన చెట్టు దగ్గరే వేయాలి. అక్కడ నెగడు వేసి, గుప్పెడు బియ్యం వండి, ఒక ముద్ద చెట్టుమొదట్లో పెట్టి, ఆ నిప్పును ఇంటికి తెచ్చి పొయ్యిలో నిప్పుతో కలపాలి. సోములు అలాగే చేసేవాడు. మా పెళ్ళయ్యాక ప్రతి కార్తీకంలో మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. గుప్పెడు బియ్యం అన్నం, కాల్చిన ఎండుచేప. ఏడాది పొడుగునా తిన్న తిండిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆ కార్తీకంలోనూ బయల్దేరాం. ఆమె భుజాన అరగోనెడు ఎండుచెవులు, నడుమున తోలుసంచి. నాకు ఆ కొండమీద లెక్కపెట్టాల్సిన చెట్లుండటంతో రిజిస్టరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చాను. సారిగెడ్డ దాటేటప్పుడు నీళ్ళు మోకాళ్ళలోతు కూడా లేవు. పైడితల్లి ముందు నడిచింది. పొయ్యి ఆరిన తరవాత ఆమె అంత హుషారుగా నడవడం అదే.

చెట్టు చేరేసరికి మధ్యాహ్నం. తూర్పున మబ్బు నల్లగా లేచింది. గాలి మారింది. తుఫాను ఉందని ముందురోజు చెప్పారట. మేం వినలేదు. వాన పడటం మొదలవగానే నేను కిందికి చూశాను. అప్పుడు దిగితే గంటలో గెడ్డ దాటిపోతాం.

"బేగి ఎల్దుమా?" అన్నాను.

"ఏల? ఆ బండకింద కూకుందుము. అరగోని సెవులున్నాయి. నెగడేసుకుంటే రేతిరంతా కాలతాది. తెల్లారి ఎల్దుము," అంది.

ఆ మాటకు జవాబుగా ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నాకు తెలుసు. అవి కాలవు పైడీ అనాలి. అనలేదు. వాన జోరందుకుంది. బండకిందికి వెళ్ళాం.

ఆమె గోనె విప్పి చెవులను గూడులా పేర్చింది. తాటిపీచు సిద్ధం చేసుకుంది. తడిచేతులు చీరలోపలి మడతకు తుడుచుకుని, చెట్టువైపు తిరిగి దణ్ణం పెట్టి, ఉక్కు తీసింది. మొదటి దెబ్బకే రవ్వ సరిగ్గా ముక్కమీద వాలింది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న చెయ్యి అది. రవ్వ ఆరిపోయింది. మళ్ళీ కొట్టింది. నేను రాయివైపు చూడలేదు. వాన చూశాను. ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టలేదు. శబ్దం ఆగినప్పుడు తిరిగి చూశాను. వేలు చిట్లి రక్తం కారుతోంది. ముక్కమీద చిన్నచిన్న నీటిచుక్కలు.

కింద గెడ్డ అప్పటికే పొంగి హోరుమంటోంది, ఫోనుకు సిగ్నలు లేదు. గాలి విసురుకు బండకిందికీ జల్లు కొట్టింది. చలి ఎముకల్లోకి దిగింది. నా దగ్గర అగ్గిపెట్టె ఉంది, పద్నాలుగు పుల్లలు. రిజిస్టరు పొడిగా ఉంది. నేను కాగితాలు చింపి అంటించడం మొదలుపెట్టాను. కాగితం పట్నంనుంచి వచ్చింది, దానికి బూజు లేదు. మండింది. ఆమె వానలోకి పరుగెత్తి ఎండుకొమ్మలు తెచ్చింది, బెరడు తెచ్చింది, తేనెపట్టు మైనం దొరుకుతుందేమోనని బండలన్నీ వెతికింది. తెచ్చినవన్నీ ఆ మంటమీద పెట్టింది. అన్నిటికీ చెమట పట్టింది, మంటే ఆరిపోయింది. చివరికి పూర్తిగా తడిసి నా పక్కన కూలబడింది. ఇన్నేళ్ళ రాత ఒక్కొక్క కాగితంగా కాలుతోంది. ఒక్కొక్కటీ ఆమె చేతుల దగ్గర పట్టుకున్నాను. చదువు రాని మనిషి ఆ అక్షరాల వెలుగులో చేతులు కాచుకుంది.

ఒక కాగితం దగ్గర నా చెయ్యి ఆగింది. ఆమె చూసింది.

"ఏటి రాసినావు దాంట్ల?"

పళ్ళు కొట్టుకుంటున్నాయి ఆమెకు. ఏదైనా చెప్పొచ్చు. ఆమెకు అక్షరం రాదు. ఎందుకో, ఆ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. చెట్టుచెవి, గుర్రాలకొండ మద్దిచెట్టుది. రాజుకుంది. పదకొండు సెకన్లు. నా భార్య. తరవాత మిగతాది కూడా చెప్పాను. సంచిలోంచి కోసింది, గాజుపెట్టె, రెండో బూజు, వీపుమీద మందుడబ్బా.

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే ముందున్న మంటకు అంటించింది. అది కాలిపోయేదాకా చూసింది.

"వాన ముందరే సెప్పుంటే," అంది, "గెడ్డ పొంగక మునుపే దిగిపోదుము గదా మావా."

తిట్టలేదు. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు అంది.

కాగితాలు అయిపోయాయి. అట్ట కూడా అయిపోయింది. ఆమెను పొదివి పట్టుకుని కూర్చున్నాను. వణుకు తగ్గింది. తగ్గితే మంచిదనుకున్నాను. అది మంచిది కాదని తరవాత డాక్టర్లు చెప్పారు. మాట ముద్దగా వస్తోంది. బట్టీ దగ్గర నాన్న పిలుస్తున్నాడంది. ఉక్కగా ఉందంది. ఒకసారి మాత్రం తెలివిగా కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మంది. రవ్వ పట్టే వస్తువు ఇంకొకటి ఉందంది. తండ్రి ఆమెకొక్కతికే చెప్పాడట. ఫాల్గుణంలోనే దొరుకుతుంది, అదీ పది రోజులే. దానికి ఏ బూజూ పట్టదు. పేరు నా చెవిలో చెప్పింది. ఎలా తీయాలో చెప్పింది. గొంతు కూడదీసుకుని చివరి మాట చెప్పింది.

"ఎవురికీ సెప్పకు. ఈపాలైనా."

తెల్లారేసరికి గెడ్డ పొంగు తీసింది. నేను ఆమెను భుజానవేసుకుని దిగాను.

మా శ్మశానంలో కట్టెలు పేర్చాం. కిరోసిన్ పోశాం. కిరోసిన్ మండి ఆరిపోయింది. కట్టెలకు చెమట పట్టింది. మళ్ళీ పోశాం. ఊరంతా నిలబడి చూసింది. పూజారి మంత్రం ఆపేశాడు. చివరికి వ్యానులో పట్నం తీసుకెళ్ళాం. అక్కడ గ్యాసు పొయ్యి ఉంది. బొగ్గుబట్టీల సోములు కూతుర్ని నేను మీట నొక్కి కాల్చాను. కట్టె వాసన లేదు, పొగ లేదు. గంటలో డబ్బీలో పెట్టి ఇచ్చారు. ఆమె కొంగున కట్టుకున్న బొగ్గు విప్పి ఆ డబ్బీలో వేశాను.

ఉద్యోగం మానేశాను. మూడు ఫాల్గుణాలు వెతికాను. నాలుగో ఫాల్గుణంలో దొరికింది. తోలుసంచి నడుమున కట్టుకుని, గుప్పెడు బియ్యం తీసుకుని గుర్రాలకొండ ఎక్కాను. మద్దిచెట్టు అలాగే ఉంది. రాయిమీద ఆ కొత్త వస్తువును పెట్టి ఉక్కుతో కొట్టాను. మూడో దెబ్బకు రవ్వ నిలిచింది. ఎర్రచీమ తలంత. గట్టిగా ఊదలేదు. పిలిచాను.

ఆ వస్తువుతోనే చిన్న నెగడు. అరచేతిలో పట్టేంత. దానిమీద గుప్పెడు బియ్యం ఉడకడానికి పొద్దంతా పట్టింది. ఒక ముద్ద చెట్టుమొదట్లో పెట్టాను, ఒకటి నేను తిన్నాను. నా చొక్కాకు పొగవాసన పట్టింది. ఆ చొక్కా ఇంతవరకు ఉతకలేదు.

నాలుగోరోజున డాక్టర్ హైమవతి మా ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది. వీధి అరుగుమీద కూర్చుంది. నేను కూర్చోమనలేదు. గుర్రాలకొండమీద పొగ లేచిందని అడవిశాఖవాళ్ళు చూశారట. ఇన్నేళ్ళలో మొదటి పొగ. పైడితల్లి విషయం తలుచుకోని రోజు లేదంది. అది అబద్ధం కాకపోవచ్చు. నాకు దాంతో పనిలేదు.

"మీ చేత్తో అంటుకుంటే పిడుగుకీ అంటుకుంటుంది నాయుడుగారూ. మళ్ళీ కొండలన్నీ కాలిపోతాయి. మా తమ్ముడిలాంటి పిల్లలు మళ్ళీ పోతారు. దేంతో అంటించారో ఒక్కమాట చెప్పండి."

నేను విన్నాను. ఆమె చెప్పేది తప్పని నేను అనడం లేదు. పిడుగు పడొచ్చు. కొండ కాలొచ్చు. నేను చెబితే గాజుపెట్టెలో ఇంకో ముక్క చేరుతుంది, మూడో బూజు వస్తుంది, ఎక్కడో ఏ బండకిందో ఇంకో మనిషి రాయీ ఉక్కూ పట్టుకుని కూర్చుంటుంది. అదీ జరుగుతుంది. రెంటిలో ఏది ఎక్కువో తూచే చదువు నాది కాదు. ఈసారైనా ఎవరికీ చెప్పొద్దని నన్ను ఒకరు అడిగారు. పైడితల్లి గుట్టు ఇదివరకు ఒకసారి దాచలేదు.

ఆమె పొద్దుగూకేదాకా కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి గ్యాసుమీద నా అన్నం వండుకున్నాను. వచ్చి చూస్తే వెళ్ళిపోయింది. అరుగుమీద ఒక కాగితం పెట్టి పోయింది, నా రాతకోసం ఖాళీ గీతతో.

ఆ ఖాళీ అలాగే ఉంది. మళ్ళీ మనుషుల్ని పంపిస్తుంది. పంపనీ. ఆ వస్తువు పేరు ఇందులో రాయలేదు. రాయను. ఆ కొండ సంగతి గాని, ఆ రోజు సంగతి గాని ఎవరు వచ్చి అడిగినా ఇక నోరు విప్పను.